వద్దన్నాక మళ్ళీ అడగడం

పని దొరుకుతుందా?

"ఫారసీ నేర్చుకుంటే యాడన్నా పని దొరుకుతాదా మేడమ్?"

నా దగ్గరికి వచ్చే ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ మొదటి రోజే అడిగే ప్రశ్న ఇది. అడగడంలో తప్పేమీ లేదు. వానను నమ్ముకోలేని జిల్లాలో పుట్టినవాళ్ళం, ఏ చదువైనా ముందు అన్నం పెడుతుందా అనే చూస్తాం. నేను దాచకుండా చెబుతాను. పెద్దగా దొరకదు, కానీ ఎప్పుడైనా దొరికితే చుట్టుపక్కల ఆ పని చేయగలిగింది నువ్వొక్కదానివే అవుతావు అని. సగం మంది మర్నాడు రారు. మిగిలిన సగం కోసమే ఇది రాస్తున్నాను.

నా పేరు సరోజమ్మ. మాది ముదిగుబ్బ పక్కన ఒక పల్లె. మా నాయన గొర్రెలు మేపేవాడు. మా ఊళ్ళో హైస్కూలు లేక నన్ను గుత్తిలో మా పెద్దమ్మ ఇంట్లో పెట్టి చదివించాడు. ఆ ఇంటి పక్కన ఇబ్రహీం సారు ఉండేవారు. బళ్ళో ఉర్దూ చెప్పేవారు. సాయంత్రం అరుగు మీద కూర్చుని ఫారసీ పద్యాలు పైకి చదువుకునేవారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా వింటూ నిలబడిపోయేదాన్ని. ఒకరోజు ధైర్యం చేసి "నాకు గూడా నేర్పిస్తారా సార్?" అని అడిగాను. "నీకెందుకు తల్లీ?" అన్నారు. "ఊరికే" అన్నాను. నేను ఫారసీలోకి వచ్చిన కథ ఇంతే. ఇంటర్వ్యూల్లో దీనికి చాలా గొప్ప కారణాలు చెప్పాను గానీ అవన్నీ ఉద్యోగం కోసం అల్లినవి.

హైదరాబాదులో ఎమ్మే చేశాక అనంతపురంలో ఒక కాలేజీలో చాలా ఏళ్ళు ఫారసీ చెప్పాను. చేరే పిల్లలు తగ్గిపోయి ఆ విభాగం మూసేశాక, బెంగళూరు రోడ్డు మీద ఒక ట్రస్టు ఆసుపత్రిలో దుబాసీగా చేరాను. ఇరాన్ నుంచి, ఆఫ్ఘనిస్తాన్ నుంచి వచ్చే రోగుల మాట డాక్టరుకూ, డాక్టరు మాట రోగులకూ చేర్చడం నా పని. కొత్త దుబాసీలకు నేర్పడం కూడా నామీదే పడింది. ఆ రోజుల్లోనే సాయంత్రాలు ఇంట్లో పాఠాలు మొదలుపెట్టాను, రిటైరయ్యాక ఇప్పుడు అదే పని. ప్రమోషన్ల సంగతి రాయను. వచ్చినవి తక్కువ, వాటికోసం తిరిగింది ఎక్కువ.

మీకు ముందే వచ్చిన ఫారసీ

మొదటి రోజు నేను పుస్తకం తెరవను. ఒక్కొక్కరిని లేపి మీ ఇంట్లో ఏం పని చేస్తారని అడుగుతాను.

నాగవేణి ధర్మవరం పిల్ల. మగ్గం నేసే ఇల్లు. డిగ్రీ అయ్యి, ఏ పనీ దొరక్క, "ఇదేందో చూద్దాం" అని నా దగ్గరికి వచ్చింది. నోరు పెద్దది. ఆ పిల్ల గురించి ముందు ముందు చాలా చెప్పాలి, అందుకే పేరు గుర్తుపెట్టుకోండి.

"మీ మగ్గం మీద ఏముంటాయమ్మా?" అని అడిగాను.

"పట్టు, జరీ. ఇంగేముంటాయి మేడమ్?"

"జరీ ఫారసీ మాట. జర్ అంటే బంగారం."

"అయితే మా జేజినాయన గూడా ఫారసీ మాట్లాడినాడా?"

"రోజూ మాట్లాడాడు. ఆయనకే తెలియదు."

అక్కడి నుంచి పిల్లలకు హుషారు వస్తుంది. బజారు, దర్జీ, గుమాస్తా, దరఖాస్తు, బాదం, తాజా. రుమాలులో రూ అంటే మొహం, మాల్ అంటే తుడిచేది. పైజామాలో పాయ్ కాలు, జామా బట్ట. నల్లబల్ల నిండిపోతుంది. ఈ సంబరం రెండు రోజులు బాగుంటుంది. దానిమీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. మాట ఒకటే అయినా అక్కడొక అర్థం, ఇక్కడొక అర్థం. మనం హుషారంటే ఉత్సాహం అనుకుంటాం, వాళ్ళ హూష్‌యార్ మెలకువగా ఉన్న మనిషి. చుట్టాల పిల్ల కదా అని ఇంట్లోకి చనువుగా దూరిపోతే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

అసలు సంతోషించాల్సింది వాక్యాన్ని చూసి. "మన్ ఆబ్ మీఖొరమ్." నేను నీళ్ళు తాగుతాను. మనలాగే క్రియ చివర కూర్చుంటుంది. "తాగుతాను"లో చివరి "ను" చేసే పని అక్కడ చివరి "అమ్" చేస్తుంది. కాబట్టి మనం నేను అనకుండా "తాగుతాను" అన్నట్టే వాళ్ళూ మన్ వదిలేసి "మీఖొరమ్" అంటారు. తినడానికీ తాగడానికీ ఒకటే క్రియ. అతనికీ ఆమెకీ ఒకటే మాట, ఊ. పెద్దవాళ్ళను మీరు అనాలి, చనువున్నవాళ్ళను నువ్వు అనాలి, ఇది మనకెవరూ నేర్పక్కరలేదు. ఇంగ్లీషు నేర్చుకోవడానికి మనం పడ్డ అవస్థలో సగం కూడా దీనికి అక్కరలేదు.

అక్షరాల దగ్గర జారిపోయేవాళ్ళు

జారిపోయేది ఇక్కడే. కుడి నుంచి ఎడమకు రాయాలి. అది వారంలో అలవాటవుతుంది. అక్షరం మాట మొదట్లో ఒకలా, మధ్యలో ఒకలా, చివర ఒకలా ఉంటుంది. అదీ నెలలో వస్తుంది. ఏడిపించేది ఏమిటంటే, పొట్టి అచ్చులు రాయరు. అ, ఎ, ఒ లాంటివి చదివేవాళ్ళే పెట్టుకుని చదవాలి. పలికిన ప్రతి ధ్వనినీ రాసుకునే తెలుగువాళ్ళకు ఇది అన్యాయంగా తోస్తుంది. "రాయనిది ఎట్ల సదవల్ల మేడమ్?" అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు నామీద కోప్పడతారు.

ఇబ్రహీం సారు పద్ధతే నా పద్ధతి. ఆయన ముందు వాక్యం నోటికి వచ్చేదాకా పలికించేవారు. అటూ ఇటూ నడుస్తూ పైకి చెప్పాలి. చెవికి పట్టిన తర్వాతే కాగితం మీద చూపించేవారు. అప్పటికి మాట మనలో ఉంటుంది, రాయని అచ్చు దానంతట అదే నోట్లోకి వస్తుంది. అక్షరమాల పటంతో మొదలుపెట్టినవాళ్ళు మూడో వారానికి మానేయడం నేను చాలాసార్లు చూశాను. ప్రతి మాట కింద తెలుగులో రాసుకునేవాళ్ళు ఎప్పటికీ ఆ కింది వరుసే చదువుతారు. నా క్లాసులో అలా రాస్తే కాగితం చింపి చేతికిస్తాను. నన్ను తిట్టుకోండి, ఫరవాలేదు.

ఫోను గురించి కూడా అడుగుతారు. ఫోన్లో నొక్కితే అదే తెలుగు చేసి చెబుతుంది కదా, మీరెందుకు అని మా ఆసుపత్రి పెద్ద ఒకాయన నా మొహం మీదే అన్నారు. మాటకు అర్థం కావాలంటే ఫోను మంచిదే. నేనూ వాడతాను. మనిషి ఎందుకు కావాలో ఇక ముందు రాస్తాను.

ప్రిన్సిపాల్ గారికి వచ్చిన గడియారం

కాలేజీలో నా మీది అధికారి ప్రిన్సిపాల్ గారు. గుమ్మఘట్ట వైపు మనిషి. సగం తెలుగు, సగం కన్నడం, మొత్తం మంచితనం. కడుపులో ఒకటి నోట్లో ఒకటి తెలియని మనిషి. ఒకసారి ఇస్ఫహాన్ నుంచి ఒక ప్రొఫెసర్ మా కాలేజీ చూడటానికి వచ్చారు. కాఫీ తాగుతుండగా మా ప్రిన్సిపాల్ గారి చూపు ఆయన చేతి గడియారం మీద పడింది.

"ఏమప్పా, నీ వాచి శానా బాగుండాదే!" అన్నారు.

నేను ఆ మాట ఫారసీలో చెప్పాను. ప్రొఫెసర్ వెంటనే గడియారం విప్పి, రెండు చేతులతో ముందుకు చాచి, "పీష్‌కెష్" అన్నారు. "మీకే కానుక అంటున్నారు సార్" అని నేను తెలుగు చేశాను. మాటకు మాట సరిగ్గానే ఉంది.

"అట్లనా! శానా సంతోషమప్పా!" అని మా ప్రిన్సిపాల్ గారు దాన్ని చేతికి పెట్టేసుకున్నారు.

ఆ ప్రొఫెసర్ మొహంలో నవ్వు చెదరలేదు గానీ రంగు పోయింది. ఆ గడియారం వాళ్ళ నాన్నగారిదని తర్వాత తెలిసింది. సాయంత్రం నేను ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళి సంగతి చెప్పాను. వాళ్ళ దేశంలో ఎవరైనా ఒక వస్తువును మెచ్చుకుంటే, ఆ వస్తువు గలవాళ్ళు "మీదే, తీసుకోండి" అనాలి. మెచ్చుకున్నవాళ్ళు "మీ చేతికే అందం" అనాలి. ఇద్దరికీ తృప్తి, వస్తువు ఉన్నచోటే ఉంటుంది.

"ఇచ్చేది లేనప్పుడు ఇప్పేది ఎందుకమ్మా?" అన్నారాయన. ఆయన వైపు నుంచి చూస్తే న్యాయమే.

"మర్యాద సార్."

"అయితే ఇద్దురూ కూచ్చోని అబద్ధాలు చెప్పుకుంటారా?"

గడియారం తిరిగి ఇచ్చేశారు. చేసిన పొరపాటుకు బాధపడి, దానితోపాటు ఒక ధర్మవరం పట్టు కండువా కూడా తీసుకెళ్ళారు. ప్రొఫెసర్ మర్యాదగా "అయ్యో, వద్దు, ఎందుకు శ్రమ" అన్నారు. నేను తెలుగు చేసి, మళ్ళీ ఇవ్వమని చెప్పేలోపే మా ప్రిన్సిపాల్ గారు "వద్దంటాండాడు గదా, బలవంతమెందుకు" అని కండువా మడిచి సంచిలో పెట్టేసుకున్నారు. ఆ పూట నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ప్రొఫెసర్ వెళ్ళేటప్పుడు ఆ కండువా వైపు ఒకసారి చూశారు కూడా, పాపం.

ఈ అలవాటుకు వాళ్ళు పెట్టుకున్న పేరు తారుఫ్. మన మొహమాటం లాంటిదని నిఘంటువుల్లో రాస్తారు. నేను ఒప్పుకోను. మొహమాటం మన లోపల పడే ఇబ్బంది. తారుఫ్ ఇద్దరు కలిసి పాటించే పద్ధతి. ఇచ్చేవాళ్ళు ఇస్తామంటారు, పుచ్చుకునేవాళ్ళు వద్దంటారు. మళ్ళీ అంటారు, మళ్ళీ వద్దంటారు. ఆ తర్వాత కూడా అడిగితేనే నిజంగా అడిగినట్టు. ఒక్క "వద్దు"కే ఆగిపోయిన మనిషికి ఇచ్చే మనసు లేదని లెక్క.

పిల్లలకు ఇది చెబితే సరిపోదు, ఆడించాలి. క్లాసులో గుప్పెడు సెనక్కాయలు చాచి ఒక్కొక్కరినీ వద్దనమంటాను. నాగవేణికి రాలేదు. మొదటి మాటకే చేయి చాపి తీసుకుని నోట్లో వేసుకుంది. "ఆకిలైతాంటే వద్దనేకి నోరు రాదు మేడమ్" అంది. అందరూ పడి పడి నవ్వారు. ఆ పిల్ల ఈ పద్ధతిని ఎన్నటికీ పట్టుకోలేదనే అనుకున్నాను.

మహీన్ ఖానుమ్

నాగవేణి రెండేళ్ళు చదివాక మా ఆసుపత్రిలోనే కొత్త దుబాసీగా చేరింది. నేను దుబాసీలకు పెట్టిన నియమం ఒకటే. చెప్పింది చెప్పు, చెప్పనిది చేర్చకు. కొత్తవాళ్ళు రోగి మీద జాలితో కొంత కలుపుతారు, డాక్టరు భయంతో కొంత తీసేస్తారు. రెండూ ప్రమాదమే. డాక్టర్లకు నా నియమం బాగా నచ్చింది. అందరికంటే ఎక్కువగా ఎముకల డాక్టరు రఘునాథ్ గారికి నచ్చింది. చేతిలో గొప్ప పనితనం ఉన్న మనిషి, నోట్లో మాత్రం మాటలు తక్కువ, తొందర ఎక్కువ. ఆయనతో నేను పోట్లాడని వారం లేదు.

మహీన్ ఖానుమ్ యజ్ద్ నగరంలో బడిపంతులమ్మగా చేసి రిటైరయిన పెద్దావిడ. ఖానుమ్ అంటే మన అమ్మగారు లాంటి గౌరవం. కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తుంటే చూడటానికి వచ్చింది. లేపాక్షి చూపిద్దామని తీసుకొచ్చారు. అక్కడ రాతి మెట్టు మీద జారి తుంటి ఎముక విరిగింది. దగ్గరని మా ఆసుపత్రికి తెచ్చారు. ఆపరేషన్ బాగా జరిగింది. కొడుకు సెలవు లేక బెంగళూరు వెళ్ళి, ఇంటికి పంపించే రోజున కారు తెస్తానన్నాడు. ఆ వారంలోనే ఆమెకు ఇరాన్‌కు విమానం టిక్కెట్టు తీసి ఉంచాడు.

కొడుకు రావడానికి ముందురోజు పొద్దున డాక్టరు గారు వార్డు చూస్తూ ఆమె మంచం దగ్గరికి వచ్చారు.

"నొప్పి ఉందా? ఆయాసం ఏమన్నా ఉందా? అడుగు" అన్నారు.

నాగవేణి అడిగింది. మహీన్ ఖానుమ్ చేయి గుండె మీద పెట్టుకుని చిరునవ్వుతో, "న, జానమ్, ఖూబమ్. జహ్మత్ నకెషీద్" అంది.

"లేదమ్మా, బాగున్నాను, మీరు శ్రమ పడొద్దు అంటున్నారు సార్."

డాక్టరు గారు రేపు పంపించవచ్చని చెప్పి పక్క మంచానికి వెళ్ళిపోయారు. ఫోను ఉంటే ఫోనూ సరిగ్గా అదే తెలుగు చేసి ఉండేది. అందులో ఒక్క అక్షరం తప్పు లేదు.

నాగవేణి మాత్రం అక్కడే నిలబడింది. మహీన్ ఖానుమ్ చాయ్ గ్లాసు ఎత్తుకోబోయి, మధ్యలో ఆగి, ఊపిరి తీసుకుని మళ్ళీ ఎత్తింది. దుప్పటి సర్దబోతే ఆపరేషన్ అయిన కాలును చటుక్కున వెనక్కి లాక్కుంది. మళ్ళీ నవ్వింది. నాగవేణి గబగబా వరండాలోకి వచ్చి డాక్టరు గారిని ఆపింది. నేను అప్పుడే అటు వస్తున్నాను.

"సార్, ఆయమ్మను ఇంగోసారి అడగల్ల."

"ఆమె ఏం చెప్పింది?"

"బాగుండానని."

"మరి ఇంగేంది?" అని ఆయన నావైపు తిరిగారు. "సరోజమ్మగారూ, చెప్పనిది చేర్చకని నేర్పింది మీరే గదా? ఈ పిల్ల చెప్పనిది గూడా చెప్తానంటాంది."

నాకూ మొదట నాగవేణి మీద చిరాకే వేసింది. నేను నోరు విప్పేలోపే ఆ పిల్ల అందుకుంది.

"చేర్చడంల్యా సార్. ఆయమ్మ వద్దనింది. అది మొదటి వద్దు. మొదటి వద్దును వాళ్ళు లెక్కలోకే తీసుకోరు. ఆ సంగతి మీకు చెప్పకుంటే నేను సగం మాటే చెప్పినట్ల. కాలు ముట్టుకోనీలేదు సార్, ఊపిరి తీసేకి ఆగతాంది. రేపు కారెక్కిస్తాండారు మీరు."

గుప్పెడు సెనక్కాయలను ఒక్కసారైనా వద్దనలేని పిల్ల, అవతలి మనిషి వద్దనడాన్ని నాకంటే బాగా విన్నది. నాకు గర్వమూ వేసింది, భయమూ వేసింది. "డాక్టర్, ఆ పిల్ల చెప్పింది నిజం. ఒక్కసారి రండి" అన్నాను.

"బయట అంతమంది కూర్చున్నారు. సరే, పదండి, బిరీన కానీండి."

"బిరీన అయితే కాదు సార్" అంది నాగవేణి. "మీరు కూచ్చోవల్ల. నిలబడి అడిగితే ఆయమ్మ మిమ్మల్ని పంపిచ్చేకే చూస్తాది."

ఆ మాటకు ఆయన కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నారు.

నాగవేణి మళ్ళీ అడిగింది. మహీన్ ఖానుమ్ మళ్ళీ వద్దంది. డాక్టరు గారికి ఎందరో రోగులు, నేనెంత, నాకేమీ లేదు అంది. నాగవేణి మంచం పక్కన వంగి, ఆమె చేయి పట్టుకుని, "తొరొ ఖొదా, తారుఫ్ నకొనీద్" అంది. దేవుడి తోడు, మర్యాదలకు పోవద్దు అని. తర్వాత ఆ పిల్ల చెప్పింది నేను ఏ పాఠంలోనూ నేర్పలేదు. "ఇది మా ఊరు ఖానుమ్. మా ఇంటికొచ్చిన మనిషి నొప్పి దాచుకుని పోతే ఆ మాట మాకే వస్తుంది. మా పరువు కోసమన్నా చెప్పండి."

చెప్పడం తనకోసం కాకుండా మాకోసం అయ్యేసరికి ఆమెకు దారి దొరికింది. స్టూలు మీద కూర్చున్న డాక్టరు వైపు చూసింది. ఆయన లేవలేదు. ఆమె నాగవేణి మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"నఫసమ్ బాలా నెమియాద్" అంది. "మీతర్సమ్."

"ఊపిరి పైకి రావడంల్యాదంట సార్" అని నాగవేణి చెప్పింది. "భయమైతాందంట."

ఆ తర్వాత మాటలు ఆగలేదు. నిన్నటి నుంచి ఇలాగే ఉంది. పిక్క బరువెక్కి నొప్పి. అబ్బాయి సెలవులన్నీ అయిపోయాయి, టిక్కెట్టు కొన్నాడు. మీరందరూ ఇంత చేశారు, ఇంకా ఏ మొహం పెట్టుకుని అడగను? నాగవేణి ఒక్కొక్క ముక్కా తెలుగు చేస్తూనే ఉంది. డాక్టరు గారు దుప్పటి తీసి పిక్క నొక్కారు. మహీన్ ఖానుమ్ అరిచింది. మా ఆసుపత్రికి వచ్చినప్పటి నుంచి ఆమె గొంతు పైకి రావడం అదే మొదటిసారి.

నిమిషాల్లో ఆక్సిజన్ పెట్టారు, స్కానింగ్‌కు తీసుకెళ్ళారు. కాలి రక్తనాళంలో గడ్డ కట్టిన రక్తం ఉంది. అందులో ఒక ముక్క అప్పటికే ఊపిరితిత్తికి చేరింది. సూది మందులు మొదలుపెట్టారు. ఆ రోజంతా ఏమవుతుందో ఎవరికీ తెలియదు. నాగవేణి ఇంటికి వెళ్ళలేదు, అన్నం తినమంటే వద్దంది. నేను ఆ వద్దును వినిపించుకోకుండా క్యాంటీన్ నుంచి సంగటి తెప్పించి తినిపించాను. మర్నాడు సాయంత్రానికి మహీన్ ఖానుమ్ ఊపిరి కుదుటపడింది. "అనుకున్నట్టే కారెక్కించి, ఆమీద విమానం ఎక్కించి ఉంటే దారిలోనే పోయేది" అని డాక్టరు గారు నాతో అన్నారు. అప్పటి నుంచి నాగవేణిని "ఏయ్ అమ్మాయ్" అనడం మానేసి పేరుతో పిలిచారు.

కొన్ని వారాల తర్వాత ఆ పెద్దావిడ కర్ర పట్టుకుని తన కాళ్ళ మీద నడుస్తూ కారెక్కింది.

నియమం మార్చుకున్నాను

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు ఇప్పుడు నేను చెప్పేది ఇది. చెప్పింది చెప్పు. చెప్పనిది చేర్చకు. అది ఎన్నో వద్దో మాత్రం డాక్టరుకు చెప్పు.

దీన్ని ఆసరా చేసుకుని రోగుల మీద పడిపోకండి. నాగవేణి సంగతి విన్నాక ఇద్దరు ముగ్గురు దుబాసీలు ప్రతి రోగినీ పీక్కుతినడం మొదలుపెట్టారు. వాళ్ళను గట్టిగా కోప్పడాల్సి వచ్చింది. కాబూల్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఇంకో ఆపరేషన్ వద్దన్నాడు. మళ్ళీ అడిగాం, వద్దన్నాడు. కూర్చుని, ఆయన కొడుకును కూర్చోబెట్టి అడిగాం. "నాకు ఇక చాలు, మా ఊరికి పోతాను" అన్నాడు, కళ్ళలోకి చూస్తూ. అది ఆఖరి వద్దు. దాన్ని మార్చే హక్కు ఎవరికీ లేదు. మొదటిదానికీ ఆఖరిదానికీ తేడా ఏ పుస్తకంలోనూ దొరకదు, మనిషి మొహం చూసి తెలుసుకోవాల్సిందే. భాష బాగా వచ్చిన వాళ్ళలో కూడా చాలామంది మొహం చూడరు. వాళ్ళు ఫారసీలో పండితులు కావచ్చు, ఈ పనికి మాత్రం పనికిరారు.

ఇంకొకటి రాసి ముగిస్తాను. గండం గడిచి మహీన్ ఖానుమ్ ఇంకా ఆసుపత్రిలోనే ఉన్న రోజుల్లో జరిగింది. అదే వార్డులో ఓబుళమ్మ అని ఒక కూలి మనిషి ఉండేది. సెనక్కాయ చేలో పనికి పోతూ ట్రాక్టరు మీంచి పడి చేయి విరిగితే కట్టు కట్టారు. డాక్టరు గారు రోజూ అడిగేవారు, ఆమె రోజూ బాగుందనేది. ఒక పొద్దున అలాగే ఆమె మంచం దగ్గర ఆగారు. పక్కన నేనూ, నాగవేణీ ఉన్నాం.

"నొప్పి ఉండాదా ఓబుళమ్మా?"

"ఏం ల్యా సారూ. బాగుండా."

ఆయన తల ఊపి రెండడుగులు ముందుకు వేశారు. ఆగారు. వెనక్కి వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"నాకేం తొందర లేదు. చెప్పు."

"ఏం ల్యా సారూ, నిజంగానే."

"మళ్ళీ అడుగుతాండా ఓబుళమ్మా."

ఆమె గోడ వైపు తిరిగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందని అప్పుడు తెలిసింది.

"చేతి యేళ్ళు మొద్దుబారినాయి సారూ. మొన్నట్నుంచి ముట్టుకుంటే తెలీడంల్యా. ఈ చెయ్యి పోతే నన్ను కూలికి ఎవురు పిలుస్తారు?"

డాక్టరు గారు వంగి కట్టు కింద ఆమె వేళ్ళు ముట్టుకుని చూశారు. నర్సును కేకేసి కత్తెర తెమ్మన్నారు. బిగుసుకుపోయిన కట్టు కోస్తూ, "మొన్నట్నుంచి ఉంటే నాకెందుకు చెప్పల్యా?" అని అడిగారు. ఈ మాట తెలుగు చేయాల్సిన అవసరం లేదు. నాగవేణికీ నాకూ అక్కడ పనేమీ లేదు, అయినా ఇద్దరం కదల్లేదు.

ఓబుళమ్మ కళ్ళు తుడుచుకుని ఆయన వైపు చూసింది.

"మీరు కూచ్చోల్యా గదా సారూ" అంది.